బాలనర్సమ్మ సగం ఉత్తరం

శామీర్‌పేట,
1943 జూన్ 16.

మామకు, అవ్వకు ఏసమ్మ వందనాలు.

నేను ఇక్కడ క్షేమం. మీరిద్దరూ మేడ్చల్‌లో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వాన ఇంకా మొహం చూపలేదు. చెరువు నీళ్లు తూము కిందికి దిగాయి. చింతపండు పంపుతానన్న అవ్వ ఇంతవరకు పంపలేదు, ఆ సంగతి అడిగానని చెప్పు.

మామా, నా బడికి గండం వచ్చింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సాలోమోను పెద్దయ్య హాజరు పుస్తకం తెప్పించుకుని నిలబడే చూశాడు. పేర్లు ఇరవై మూడు, వచ్చేవాళ్లు తొమ్మిది. "తొమ్మిది మంది ఆడిపిల్లలకు ఒక పంతులమ్మనా? గీ కొట్టంల వడ్లు పోసుకున్నా అక్కరకొస్తది" అన్నాడు. మీ సంఘం కమిటీకి ఆయనే పెద్ద కాబట్టి ఆయన అన్నాడంటే సగం తీర్మానం అయినట్టే. సెప్టెంబరులో బడి మూసి, పిల్లలను మూడు మైళ్ల అవతల ఉన్న మగపిల్లల బడికి పంపుకోమంటారట. ఒక్క పిల్ల కూడా పోదని నాకు తెలుసు.

ఈ ఉత్తరం తెస్తున్న కుర్మయ్యను చూడు. ప్రతి గురువారం గొర్రెలు తోలుకుని మీ ఊరి వారపు అంగడికి వస్తాడు. అతని బిడ్డ బాలనర్సమ్మకు పదేళ్లు. మేకలు కాస్తుంది కాబట్టి నాలుగు రోజులు వస్తే రెండు రోజులు రాదు. వచ్చిన రోజు మాత్రం ఒక్కసారి చెబితే చాలు. బడి పోతే నేను ఇంకెక్కడైనా బతుకుతాను. ఆ పిల్లకు చదువు అక్కడితో సరి.

బడి గురించి నివేదిక రాసి పంపమన్నారు. కమిటీలో కాగితాలు చదివి వినిపించేది నువ్వే. పత్రికల్లో కథలు రాసేదీ నువ్వే. నీ కథ చదివితే జనం ఎందుకు ఏడుస్తారు, ఎందుకు నవ్వుతారు? ఆ కిటుకు నాకు నేర్పు. నేను రాసింది విని ఆ పెద్దల మనసు మారాలి.

నీ మేనకోడలు,
ఏసమ్మ


మేడ్చల్,
జూన్ 24.

ఏసమ్మకు మామ సత్యానందం దీవెనలు.

సరైన మనిషినే అడిగావు. పోయిన నెల గేటు కాపలావాడి మీద నేను రాసిన కథ చదివి మా స్టేషన్ మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ల వల్ల బండికి జెండా ఊపడం కూడా ఆలస్యమైంది. నేను చెబితే గొప్పగా ఉంటుంది గాని, జరిగిన మాట.

నీ మొదటి తప్పు మొదటి వాక్యంలోనే ఉంది. నేను క్షేమం, మీరు క్షేమం, వాన పడలేదు, చింతపండు రాలేదు! వినేవాడు చెవి ఒగ్గేది మొదటి మాటకే. దాన్ని తీసుకుపోయి క్షేమ సమాచారం పాలు చేశావు. ఇకమీదట ఆ ముక్క తీసిపారెయ్యి. నడిమధ్యలో మొదలుపెట్టు. ఎవరు, ఏమైంది అని మనిషి లేచి కూర్చోవాలి.

ఇంకొకటి. బాధగా ఉంది అని రాయకు. అట్లా రాస్తే సాలోమోను పెద్దయ్య నస్యం డబ్బీ తీస్తాడు. ఎవరూ ముట్టని పలక ఒకటి చూపించు, డబ్బీ మీద ఆయన చెయ్యి ఆగుతుంది. ఉన్నదంతా చెప్పకు. కొంత దాచు. దాచినదాన్ని చదివేవాడే తన మనసులోంచి తెచ్చి పూరిస్తాడు, అప్పుడు ఆ బాధ వాడిదవుతుంది. ఈ ఒక్క మాట పట్టుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది, నీకు ఊరికే ఇస్తున్నాను.

ముందు నా పేర ఒక ఉత్తరం రాసి చెయ్యి తిప్పుకో. నివేదిక తరువాత రాద్దువు. జులై పదిన కమిటీ ఉంది, అందులో చదివిస్తాను. యుద్ధం వల్ల కాగితం దొరకడం లేదు, చూసి వాడు.

మామ


శామీర్‌పేట,
జూన్ 30.

పలక అరుగు మీదే ఉంది. నిన్నటి అక్షరాలు దాని మీద అట్లాగే ఉన్నాయి. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆమె కూర్చునే చోట గోడకు నూనె మరక ఉంది. తల ఆనించీ ఆనించీ పడిన మరక. పొద్దున్నించి అందరూ అటే చూస్తున్నారు గాని ఎవరూ మాట్లాడలేదు. నేను పేరు పిలిచాను. జవాబు రాలేదు. ఇంకోసారి పిలిచాను. బయట మేకల గొంతు వినబడింది, అంతే.

పేరు ఎదురుగా సున్న పెట్టి పుస్తకం మూశాను.

ఏసమ్మ


శామీర్‌పేట,
జులై 7.

మామకు వందనాలు.

నేను క్షేమం. అవ్వ క్షేమం. బాలనర్సమ్మ క్షేమం. ఆమె మేకలు క్షేమం. ఇంకెవరైనా మిగిలితే వాళ్లు కూడా క్షేమమే.

పోయిన శుక్రవారం నా చావుకు అవ్వ వచ్చింది.

నువ్వు డ్యూటీలో ఉంటే అవ్వ ఉత్తరాలను పక్కింటి మోషేతో చదివించుకుంటుందని నీకు తెలియదా? చావు కబురు తెచ్చే ఉత్తరంలో తప్ప క్షేమం అన్న మాట లేకుండా ఎవరూ మొదలుపెట్టరనీ, అట్లాంటి ఉత్తరాన్ని ఇంట్లో ఉంచకుండా చింపి పారేస్తారనీ నీకు తెలియదా? కథకుడివి, నీకే తెలియకపోతే ఎట్లా? మోషే కూడబలుక్కుంటూ "పలక అరుగు మీదే ఉంది" అనేసరికి అవ్వ నెత్తి కొట్టుకున్నదట. "క్షేమం అనలే. ఎవలు వోయిన్రో చెప్పనీకి నోరు రాక పలక ముచ్చట రాసిన్రు" అన్నదట. చివర నా సంతకం ఉంది కదా అని మోషే అంటే, నా పేరున ఇంకెవరో రాశారని తేల్చింది. కాగితం తెచ్చిన కుర్మయ్య అప్పటికే అంగడికి వెళ్లిపోయాడు. అతను ఉంటే నేను బతికే ఉన్నానని సాక్ష్యం చెప్పేవాడు.

మర్నాడు నేను లెక్కలు చెబుతుంటే చెరువు కట్ట మీద ఎద్దుల బండి, బండిలో అయిదుగురు ఆడవాళ్లు, కట్ట పొడుగునా శోకాలు. "ఎవలో సచ్చిన్రు పంతులమ్మా" అని పిల్లలు బయటికి ఉరికారు. ఎవరా అని నేనూ ఉరికాను. అవ్వ నన్ను చూసి కూడా ఏడుపు ఆపలేదు. దగ్గరికి వచ్చాక చేతులు పట్టుకుని చూసింది, మొహం తడిమింది, ఆ తరువాత వీపు మీద రెండు వేసింది. దెబ్బలు నావే, మామా. పాఠం నీది.

సాయంత్రం దాకా అవ్వ నా కొంగు వదల్లేదు. అది చూసి నాకు నిజంగా ఏడుపు వచ్చింది. కాస్త తేరుకున్నాక అవ్వ అన్న మాట నీ కోసం రాస్తున్నాను: "ముందుగాల బతికున్నమని చెప్పు బిడ్డా. గటెంక ఎంత ఏడిపిస్తవో ఏడిపియ్యి. గుండె నిమ్మళం లేనోనికి కత ఏం ఎక్కుతది?" నీ పదేళ్ల పాఠం పక్కన ఇది కూడా పెట్టుకో.

అవ్వ కొన్నాళ్లు ఇక్కడే ఉంటుంది. మధ్యాహ్నం బడి వదిలే ముందు పిల్లలకు కథ చెబుతోంది. బావిలో పడ్డ కొడవలి కోసం ఒక కోడలు దిగింది, నీళ్లలో చెయ్యి పెట్టింది, చేతికి తగిలింది కొడవలి కాదు. అంతటితో అవ్వ కొంగు దులుపుకుని లేచి "ఇగ రేపు" అంటుంది. మర్నాడు పదకొండు మంది వచ్చారు. ఇవాళ పదిహేడు. ఒక్క అక్షరం రాని మనిషి నీ విద్యంతా ఎక్కడ నేర్చింది?

నివేదిక ఇందులో పెట్టాను. నువ్వు చెప్పిన పలక ఉంది, అవ్వ చెప్పిన క్షేమం ఉంది. ఉన్నది ఉన్నట్టు రాశాను. మాట మార్చకుండా చదువు.

ఏసమ్మ


మేడ్చల్,
జులై 15.

ఏసమ్మకు మామ దీవెనలు.

అందరం క్షేమం. (నీ మాట విన్నాను, చూశావా?) మా అమ్మను అంత భయపెట్టినందుకు నా తరఫున కాళ్లు పట్టుకో. ఆ రోజు ఇంటికి వస్తే తలుపుకు తాళం, వాకిట్లో చింపిన కాగితం ముక్కలు. నేనూ భయపడి ఆ ముక్కలన్నీ ఏరి అతికించి చదువుకున్నాను.

ఇక మంచి కబురు. నీ నివేదిక చదివాను. ఎముకలు బాగున్నాయి గాని కండ లేదు. చదువుతూనే అక్కడక్కడ చెయ్యి పెట్టాను. బాలనర్సమ్మకు ఒక గుడ్డితల్లిని ఇచ్చాను. చిరిగిన పావడా ఇచ్చాను. గంజి నీళ్లు తాగి ఆ పిల్ల బడికి వచ్చేట్టు చేసి, పలక దగ్గర గొంతు తగ్గించి ఆగాను. ఏసమ్మా, నువ్వు ఉండి చూడవలసింది! అయిదుగురు పెద్దలకు కళ్లలో నీళ్లు. సాలోమోను పెద్దయ్య తలకు చుట్టిన రుమాలు కొంగుతో ముక్కు తుడుచుకున్నాడు.

అక్కడికక్కడే తీర్మానం చేసి ఒక మూట బట్టలు, జొన్నలు పోగుచేశారు. కుర్మయ్య చేతనే పంపుతున్నాను. మూసే సంగతి సెప్టెంబరులోనే చూస్తారట గాని, మంచు కరిగింది, ఇక భయం లేదు.

అమ్మను త్వరగా పంపు. వంట నా మీద పడింది.

మామ


శామీర్‌పేట,
జులై 21.

మామకు.

నేను క్షేమం. అవ్వ క్షేమం. ఇక విను.

నువ్వు పంపిన మూటను కుర్మయ్య ఎండలో అంత దూరం మోసుకొచ్చి నా అరుగు మీద దించాడు. దాని మీద కుట్టిన చీటీ చదవమన్నాడు. ఏ దిక్కులేని వాళ్లకో అనుకున్నాడు పాపం. "గుడ్డితల్లి బిడ్డ బాలనర్సమ్మకు" అని ఉంది. పక్కనే అతని భార్య సుక్కమ్మ నిలబడి ఉంది.

"నేను గుడ్డిదాన్నా?" అన్నది సుక్కమ్మ. "కట్ట మీద నిలవడి ఆవలి ఒడ్డుకున్న నక్క ఏ కాలు కుంటుతాందో జెప్త. గీ మాట ఎవలు రాసిన్రు పంతులమ్మా?"

నివేదిక నా పేరున పోయింది. కింద సంతకం నాది, రాత నీది.

కుర్మయ్య అరవలేదు. "మేం ఎవల్నన్న అడుక్కున్నమా?" అని ఒక్కసారి అడిగి, బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి వాళ్ల వాడలో పిల్లలెవరూ రావడం లేదు. పదిహేడు కాస్తా పది అయింది. ఇక మన ఉత్తరాలు మోయనన్నాడు, అందుకే ఇది టపాలో వస్తోంది. మూట మాత్రం మోసుకొచ్చి నీ ముందే దించుతాడట.

నాకు చాలా కోపంగా ఉంది. బాధ అని రాయకూడదన్నావు, కోపం సంగతి చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నువ్వు వాళ్లను ఏడిపించావు. ఏడ్చాక వాళ్ల పని అయిపోయింది. ముక్కు తుడుచుకుని, మూట కట్టి, మంచి పని చేశామని ఇంటికి పోయారు. బడి గురించి ఎవరైనా ఒక్క మాట అడిగారా? బిచ్చం వేసే ఇంటిని ఎవరైనా గౌరవంగా చూస్తారా?

ఏసమ్మ


మేడ్చల్,
ఆగస్టు 2.

ఏసమ్మా,

క్షేమం.

మూట నా వాకిట్లో ఉంది. కుర్మయ్య దాన్ని దించి, నీళ్లు ఇస్తే తాగకుండా, "అయ్యా, నా ఇంటిదాని కండ్లు నువ్వెప్పుడు జూసినవ్?" అన్నాడు. పదేళ్లుగా రాస్తున్నాను, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను కథలు రాసిన మనుషులెవరూ ఆ కథలు చదవలేదు కాబట్టి సరిపోయింది.

సాలోమోను పెద్దయ్య దగ్గరికి వెళ్లి ఉన్న సంగతి చెప్పాను. నేను చేశానన్నా ఆయన నమ్మలేదు. మేనకోడలి తప్పును మామ తన మీద వేసుకుంటున్నాడని అనుకున్నాడు. "గా పిల్ల రాసే రాతలన్ని గిట్లనే ఉంటయి. ఇగ ఆమె కాగితం నా ముంగట సదవకు" అన్నాడు. నీ మాటకు ఉన్న విలువ కూడా నేనే పోగొట్టాను. ఎంత సిగ్గుగా ఉందో ఏ కిటుకూ లేకుండా రాస్తున్నాను.

సెప్టెంబరు పదకొండున కమిటీ. నువ్వు ఏది పంపితే అది, ఉన్నది ఉన్నట్టు చదువుతాను. కామా కూడా ముట్టను.

సత్యానందం


శామీర్‌పేట,
సెప్టెంబరు 8.

మామకు వందనాలు.

అందరం క్షేమం. వానలు బాగా పడ్డాయి, చెరువు కళకళలాడుతోంది. అవ్వ నీ మీద కోపం తగ్గించుకుంది, వంట నేర్చావా అని అడుగుతోంది.

నేను, అవ్వ సుక్కమ్మ ఇంటికి నాలుగుసార్లు వెళ్లాం. మొదటిసారి పీట కూడా వేయలేదు. నాలుగోసారి అవ్వ సుక్కమ్మ ఎదురుగా కూర్చుని, "నా కొడుకు రాసిండు. ఆనికి కండ్లున్నయి గని సూపు లేదు" అన్నది. సుక్కమ్మ పకపకా నవ్వింది. సోమవారం బాలనర్సమ్మ వచ్చింది, వెనకే వాడంతా వచ్చింది. ఇప్పుడు ఇరవై మంది.

నా కాగితం చదవొద్దన్నాడు కదా పెద్దయ్య. సరే, నేను రాయను. పిల్లలు రాశారు. ఒక్కొక్కరికి అర ఠావు ఇచ్చి, ఉన్నదే రాయండి, మీకు ఎంత వస్తే అంతే రాయండి అన్నాను. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. ఇరవై కాగితాలు ఉన్నాయి, ఇరవై చదువు. అన్నింటికి పైన బాలనర్సమ్మది. వెనక్కి తిప్పకు, వెనక ఏమీ లేదు.

నాకు భయంగా లేదు. ఈసారి గెలుస్తాం.

ఏసమ్మ


మేడ్చల్,
సెప్టెంబరు 16.

ఏసమ్మకు మామ దీవెనలు.

క్షేమం, క్షేమం, అందరం క్షేమం. గెలిచావు! వచ్చే జూన్ దాకా బడికి ఢోకా లేదు. ముందు ఈ మాట చెప్పి నీ గుండె నిమ్మళం చేశాను కాబట్టి ఇక కథ చెబుతాను.

సాలోమోను పెద్దయ్య డబ్బీ తెరిచే ఉన్నాడు. "పంతులమ్మ రాతనా?" అన్నాడు. కాదు, పిల్లల రాత అన్నాను. బాలనర్సమ్మది చదివాను:

"మేం క్షేమం. మీరు క్షేమమా. మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి తెల్లది. ఒకటి నల్లది. దానికి"

అక్కడ ఆగాను. ఆగక చేసేదేముంది, కాగితంలో అంతే ఉంది. కింద నీ రాతతో "ఇంతవరకే రాయగలిగింది" అని ఉంది. అది కూడా చదివాను.

"దానికేమైంది?" అన్నాడు పెద్దయ్య.

"తెల్వదు పెద్దయ్యా."

"తిప్పి సూడు."

తిప్పొద్దని నువ్వు చెప్పావు గాని తిప్పాను. ఖాళీ. "కాలిరిగిందేమో" అన్నాడు ఒకాయన. "నల్లదాన్ని తల్లి దగ్గరికి రానియ్యదు, పాలకు గోస అయితది" అన్నాడు ఇంకొకాయన. పెద్దయ్య చిన్నప్పుడు మేకలు కాచాడన్న సంగతి ఆ రోజే తెలిసింది. ఈనిన మేకను ఎట్లా చూసుకోవాలో పావుగంట చెప్పాడు. తక్కిన పందొమ్మిది కాగితాలూ చదివాను. ప్రతి కాగితం అయ్యాక "గా నల్లదాని ముచ్చట గీ పిల్లేమన్న రాసిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

చివరికి మూసే తీర్మానం చదవమంటారా అన్నాను. ఆయన చెయ్యి ఊపి, "గా పిల్ల ఉత్తరం ఖతం గాకముందే బడి ఎట్ల మూస్తరు? ఉండనియ్యుండ్రి. నేనే వోయి ఆమె నోట వింట" అన్నాడు. ముప్పయ్యో తారీఖున వస్తున్నాడు.

ఎవరికీ కళ్లలో నీళ్లు లేవు. అందరూ ఆ పిల్లతో కలిసి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఇంత గొప్పగా ఆపడం నాకు ఈ జన్మలో చేతకాదు. అమ్మ దగ్గర నేర్చావని తెలుసు. ఇంతకూ దానికి ఏమైంది? నాకైనా చెప్పు. డ్యూటీలో కూడా అదే ఆలోచన.

మామ


శామీర్‌పేట,
అక్టోబరు 2.

మామకు వందనాలు.

అందరం క్షేమం. నల్ల మేకపిల్ల కూడా క్షేమం.

నన్ను మెచ్చుకున్నావు గాని, అక్కడ ఆపింది విద్య కాదు, హడలు. ఆ రోజు బాలనర్సమ్మ "దానికి" దాకా రాసి తల ఎత్తి, "పంతులమ్మా, సాలోమోను అని ఎట్ల రాస్తరు?" అన్నది. ఎందుకే అన్నాను. "నల్లదానికి గదే పేరు పెట్టిన" అన్నది! ఆ అక్షరాలు నీకు ఇంకా రావు, ఇంతటితో చాలు అని కాగితం లాక్కున్నాను. ఇంకో ఠావు ఉంటే మళ్లీ రాయించేదాన్ని, లేదు. నీ దగ్గర దాచడం నేర్చుకున్నాను, దేన్ని దాస్తున్నానో మాత్రం నీకు చెప్పలేదు.

పెద్దయ్య వస్తున్నాడని తెలిశాక ఆ పిల్లను బతిమాలాను, ఇంకేదైనా పేరు రాయమన్నాను. నన్ను వింతగా చూసింది. "మీరే గద ఉన్నదే రాయమన్నరు" అన్నది. ఆ అక్షరాలు నేర్పాను.

పెద్దయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ, సుక్కమ్మ, కుర్మయ్య, వాడలో ఆడవాళ్లంతా వచ్చారు. బాలనర్సమ్మ పలక రెండు చేతులా పట్టుకుని నిలబడి గట్టిగా చదివింది.

"దానికి సాలోమోను అని పేరు పెట్టిన."

పెద్దయ్య డబ్బీ మూత పెట్టాడు. "నా పేరెందుకు వెట్టినవ్ బిడ్డా?" అన్నాడు.

"మస్తు అరుస్తది. దగ్గరికి వోతె పొడువది" అన్నది.

ముందు అవ్వ నవ్వింది. తరువాత పెద్దయ్య. రుమాలు జారి ఒళ్లో పడేదాకా నవ్వాడు. మేకపిల్లను తెప్పించి ఒళ్లో పెట్టుకున్నాడు, అది ఆయన మొహంలోకి చూసి గట్టిగా అరిచింది. "ఇంకోపారి సదువు" అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. నువ్వు చదివిన ఆ అర ఠావు ఆయన జేబులోనే ఉంది. తీసి ఆమెకిచ్చి, మిగిలిన వాక్యం రాయించుకుని, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ హాజరు పుస్తకం అడిగాడు. ఈసారి కూర్చుని చూశాడు. ఇరవై మూడు పేర్లకు ఇరవై మూడు మంది ఉన్నారు.

అవ్వ ఇప్పట్లో రాదు. బావిలో కోడలి చేతికి ఏం తగిలిందో ఇంకా చెప్పలేదు.

ఈ ఉత్తరం కుర్మయ్య తెస్తున్నాడు. తనే అడిగి తీసుకున్నాడు. ఈసారి నీళ్లు ఇస్తే తాగుతాడు. పక్కన కూర్చోబెట్టుకుని, సుక్కమ్మ కళ్లు ఎట్లా ఉంటాయో అడుగు. అతను చెప్పింది పూర్తిగా విన్నాక, అప్పుడు రాయి.

నీ మేనకోడలు,
ఏసమ్మ